కాలవగట్టు దిక్కు

మొన్న రంజాను నెలకు ఇంకా పదకొండు రోజులు ఉందనగా, ఒక సోమవారం, మధ్యాహ్నం ఒంటి గంట నలభై నిమిషాలకు, జొహర్ నమాజు చదువుదామని పడమటి గోడకేసి తిరిగి నిలబడిన నేను, ఇప్పుడు చదవబోతున్నది సున్నతో ఫరజో మరిచిపోయాను. రెండూ నాలుగేసి రకాతులే. రకాతు అంటే నిలబడి, వంగి, నేలకు నుదురు ఆనించి లేచే ఒక వరస అని తెలియనివారి కోసం చెబుతున్నాను. అందులో ముందు చదివేవి సున్నతు, ఆ తరవాత చదివి తీరవలసినవి ఫరజు. ముప్పై మూడేళ్ళు బడిలో లెక్కలు చెప్పి, ఇవాళ్టికీ గ్యాసు బండ మార్చిన తేదీని వంటింటి క్యాలెండరు మీద రాసుకునే నాకు, ఐదు నిమిషాల కిందట ఆ సున్నతు చదివానో, చదువుదామని అనుకుని ఊరుకున్నానో ఎంత తడుముకున్నా దొరకలేదు.

చేతులు వేలాడేసుకుని ఎంతసేపు అలా ఉండిపోయానో గాని, ఉన్నట్టుండి నా నోరు దానంతట అది కదిలింది. "నియ్యతు చేస్తన్నాను, నాలుగు రకాతుల జొహర్ ఫరజు, అల్లా కోసం, ముఖం నాది కాలవగట్టు దిక్కు, కాబా దిక్కు..." గొంతు నాదే గాని మాటలు మా అమ్మవి. ఆ మాటలు నా చెవిన పడగానే, సున్నతు అయిపోయిందనీ, చివరి రకాతులో మోకాలు కలుక్కుమందనీ కూడా గుర్తొచ్చి, మనసు కుదురుకుంది.

అంతలో పక్కగదిలోంచి, జ్వరం వచ్చి బడి మానేసిన పన్నెండేళ్ళ మనవరాలు అరిచినంత పని చేసింది. "నానమ్మా! పైకి అన్నావ్! బిదాత్ కదా అది, నువ్వే చెప్పావ్ నాకు!"

చెప్పాను, నిజమే. దానికి ఏడేళ్ళ వయసులో నమాజు నేర్పిస్తూ, నియ్యతు అంటే ఒక పని ఎందుకు చేస్తున్నామో, ఎవరి కోసం చేస్తున్నామో లోపల నిశ్చయించుకోవడమని, దాని చోటు మనసే గాని నోరు కాదని, ప్రవక్త గారు నేర్పని దాన్ని నమాజులో కొత్తగా కలిపితే దాన్ని బిదాత్ అంటారని, పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. అంతకు ముందు అదే పాఠం ఇంకొకరికి కూడా చెప్పాను. ఆ మనిషికి అప్పుడు డెబ్బై ఆరేళ్ళు. ఈ నాలుగు మాటలూ రాయడానికి కూర్చున్నది ఆవిడ గురించే.

మాది హనుమాన్ జంక్షన్ నుంచి లోపలికి నాలుగు మైళ్ళ దూరంలో, కాలవ పక్కనున్న చిన్న ఊరు. దూది ఏకి పరుపులు కుట్టే ఇళ్ళు ఏడు ఉండేవి, అందులో నాలుగోది మాది. నలుగురు పిల్లల్లో నేనే చిన్నదాన్ని. నా పైన ఇద్దరు అన్నయ్యలు, ఒక అక్క. మా ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. బెజవాడ నుంచి పెళ్ళిళ్ళకు వచ్చే ఉర్దూ చుట్టాలు మా మాట విని ముసిముసిగా నవ్వుకునేవారు గాని, మాకు అదేమంత చిన్నతనంగా ఉండేది కాదు. రోజాను మేము ఒక్కపొద్దు అనేవాళ్ళం. నమాజులో చదివే అరబ్బీ సూరాలు ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి వచ్చినవే, అర్థం తెలిసినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. అర్థం తెలిసి మా అమ్మ అనే మాటలు నమాజు మొత్తంలో నియ్యతు ఒక్కటే, ఎందుకంటే అది తెలుగులో ఉండేది.

అది ఆవిడకు నేర్పింది మా నానమ్మ. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి నమాజుకు పరిచే జానిమాజు మీద ఎలా నిలబడాలో చూపిస్తూ, కాబా ఎటు ఉందని ఆ పిల్ల అడిగితే, పడమర అని చెబితే ఆ పొద్దు వాలే చోటు కోసం ఎక్కడెక్కడ వెతుక్కుంటుందో అనుకుందో ఏమో, అదుగో, కాలవగట్టు దిక్కు అని చెయ్యి చూపించిందట. మా ఊళ్ళో కాలవ ఇళ్ళకు పడమటి వైపునే ఉండేది గనక అందులో పొరపాటేమీ లేదు. అయితే పదిహేనేళ్ళ కోడలు ఆ చెయ్యి చూపడాన్ని కూడా పాఠంలో భాగమే అనుకుంది. ఆ రోజు నుంచి మా అమ్మ నియ్యతులో కాబా కంటే ముందు కాలవగట్టు వచ్చి చేరింది.

నాకు లెక్కలు వచ్చిందీ ఆ నియ్యతులోనే అంటే మీరు నవ్వుతారేమో. ఫజరుకు రెండు, జొహరుకు నాలుగు, అసరుకు నాలుగు, మగ్రిబుకు మూడు, ఇషాకు నాలుగు అని పూటపూటకూ అమ్మ ఫరజు రకాతుల సంఖ్య పైకి చెప్పేది గదా, బడిలో వేయకముందే నేను వాటిని వేళ్ళ మీద కూడుకుని, రోజు గడిచేసరికి పదిహేడు అని అక్కకు చెప్పేదాన్ని. ఒకనాడు పదమూడే వచ్చిందని, అమ్మ ఒక పూట ఎగ్గొట్టిందని అందరి ముందూ అన్నాను. ఆ పూట నేనే నిద్రపోయానట. మా పెద్దన్నయ్య అప్పటి నుంచి నన్ను తనిఖీదారు అని పిలిచేవాడు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. కాబా దిక్కు అన్న తరవాత, చేతులెత్తి అల్లాహు అక్బర్ అనడానికి ముందు, మా అమ్మ ఒక తోక తగిలించేది. ఇది మా నానమ్మ నేర్పింది కాదు, అచ్చంగా మా అమ్మదే. బిదాత్ అనే మాటకు సరిగ్గా సరిపోయేది ఏదైనా ఉంటే అదే. ఆ పూట ఆవిడ మనసులో ఏది మెదులుతుంటే అది తోకలో వచ్చేది. పెద్దాడి దగ్గు తగ్గించు. వానలోపు కప్పు నేయించే దారి చూపించు. కుట్టిన పరుపు మీద పడుకునేవాళ్ళకి కంటినిండా నిద్ర పట్టించు. మా అమ్మ మామూలుగా మాట్లాడే మనిషి కాదు. ఏమైనా అడిగితే ఊఁ అనో, చూద్దాం అనో అని పనిలో పడేది. అందుకని ఇంట్లో ఏం జరుగుతోందో, ఏం జరగబోతోందో మాకు తెలియాలంటే ఆ ఐదు పూటలూ చెవి ఒగ్గి ఉండటమే. మా ఇంటికి పేపరు వచ్చేది కాదు, రేడియో లేదు. మా వార్తలు అవే.

ఒకసారి నేను ఉట్టి మీది బెల్లం తీసి తిన్నాను. అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. అసరు వేళ జానిమాజు పరిచి నిలబడి, కాలవగట్టు, కాబా అన్నీ అయ్యాక, "బెల్లం తీసిందెవరో, కడుపునొప్పి వచ్చేలోపు వాళ్ళే చెప్పేట్టు చెయ్యి, అల్లాహు అక్బర్" అని చేతులు కట్టుకుంది. ఆవిడ నాలుగు రకాతులూ ముగించేసరికి నేను ఆ జానిమాజు అంచున ఏడుస్తూ కూర్చుని ఉన్నాను. కడుపునొప్పి నిజంగానే మొదలైందని ఇప్పటికీ నా నమ్మకం.

నేను పదో తరగతి పాసయ్యాక బెజవాడలో టీచరు ట్రైనింగుకు వెళతానని పట్టుపట్టాను. మా ఏడిళ్ళల్లో ఆడపిల్ల ఊరు దాటి చదివింది లేదు. నాన్న కాదని తల అడ్డంగా ఊపి, వాకిట్లో దూది ఏకే విల్లు దగ్గరికి వెళ్ళిపోయాడు. అమ్మ నాన్నతో ఒక్క మాట కూడా వాదించలేదు. ఆ మధ్యాహ్నం జొహరుకు మాత్రం, రోజూ లోపలి గదిలో పరిచే జానిమాజును తెచ్చి వాకిటి గుమ్మం దగ్గర పరిచింది. నియ్యతు చివర, మామూలు కంటే కొంచెం నిదానంగా, "చిన్నదాన్ని బెజవాడ పంపే బుద్ధి ఇంటాయనకి ఇయ్యి" అంది. వాకిట్లో విల్లు చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి, ఎవరినీ ఉద్దేశించనట్టు, "అల్లాకి చెప్తందా, నాకు చెప్తందా?" అన్నాడు నాన్న. నమాజులో ఉన్న మనిషి జవాబు చెప్పదు గదా. విల్లు మళ్ళీ మొదలైంది.

అలా తొమ్మిది రోజులు, తొమ్మిది జొహర్లు జరిగాయి. నేను గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాను గనక ఆ లెక్కలో తేడా లేదు. తొమ్మిదో రోజు అమ్మ ఇంకా కాలవగట్టు దాకా రాకుండానే నాన్న విల్లు పక్కన పడేసి లేచి, "ఆ దరఖాస్తేదో రేపు పోయి తెస్తాలే, ఇక ఆయన్ని విసిగించమాక" అన్నాడు. అమ్మ ఆగలేదు. నియ్యతు పూర్తిచేసి, ఆ రోజు తోక లేకుండానే అల్లాహు అక్బర్ అంది. ఆవిడ తోక లేకుండా చదవగా నేను విన్న నమాజు అదొక్కటే.

ఆ తరవాతి సంగతులు మీ అందరి జీవితాల్లాగే గబగబా గడిచిపోయాయి. గన్నవరంలో ఉద్యోగం, బెజవాడ పటమటలో కాపురం, ఇద్దరు పిల్లలు, తెల్లవారి ఏడుంబావు బస్సు. నాన్న పోయిన రెండో ఏడు, కంటి ఆపరేషనుకని అమ్మను నా దగ్గరికి తీసుకొచ్చాను. కన్ను బాగైంది, అమ్మ ఉండిపోయింది. అప్పటికి ఆవిడకు డెబ్బై నాలుగు. హాల్లో బీరువా పక్కన ఆవిడ చోటు. కాలవగట్టు నియ్యతు మళ్ళీ నా చెవిన పడటం మొదలైంది. ఇప్పుడు తోకలో ఎక్కువగా ఉండేది నేనే. చిన్నదానికి మోకాళ్ళ నొప్పి తగ్గించు. బస్సులో సీటు దొరికేట్టు చెయ్యి. బడిలో ఆ కొత్త హెడ్డుమాస్టరు నోరు కాస్త అదుపులో పెట్టు. హెడ్డుమాస్టరు గారి సంగతి నేను మా ఆయనకు వంటింట్లో గొణిగినదే గాని అమ్మకు చెప్పినది కాదు. వినపడదనుకున్న మాటలు కూడా ఆవిడకు వినపడేవన్నమాట. ఆ రోజుల్లో నాకది సంతోషంగా ఉండేదో విసుగ్గా ఉండేదో నిజం చెప్పాలంటే రెండూ ఉండేవి. ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు ముసలావిడ హాల్లో నిలబడి కాలవగట్టు దిక్కు అంటుంటే, ఉద్యోగం చేసే కూతురికి కొంచెం తల దించుకున్నట్టూ ఉండేది. దాచి ప్రయోజనం లేదు గనక రాస్తున్నాను.

నాకు యాభై రెండేళ్ళప్పుడు మా అపార్టుమెంటులో కింద ఒకరింట్లో ఆదివారాలు ఆడవాళ్ళకు ధర్మం చెప్పే క్లాసు మొదలైంది. చెప్పే ఆవిడ నా కంటే ఇరవై ఏళ్ళు చిన్నది, బాగా చదువుకున్నది, మృదువుగా మాట్లాడేది. దేనికైనా ఆధారం చూపించేది. అది నాకు నచ్చింది. నిరూపణ లేనిదే ఏదీ ఒప్పుకోవద్దని పిల్లలకు చెప్పి చెప్పి నా బుద్ధి కూడా అలాగే తయారైంది. ఐదో ఆదివారం పాఠం నియ్యతు గురించి. నోటితో నియ్యతు పలకడం ప్రవక్త గారు గాని ఆయన సహచరులు గాని చేసినట్టు లేదని, నమాజు అల్లాహు అక్బర్ తోనే మొదలవుతుందని, దాని ముందు మనం ఏం చేర్చినా బిదాత్ అవుతుందని ఆవిడ చెప్పారు. నేను ఊరికే నమ్మలేదు. మూడు పుస్తకాలు తెచ్చుకుని వారం రోజులు చూశాను. మూడింటిలోనూ అదే ఉంది. మూడూ ఆవిడ ఇచ్చిన పుస్తకాలే అన్న సంగతి అప్పుడు నాకు లెక్కలోకి రాలేదు.

తరవాతి ఆదివారం సాయంత్రం నాలుగు గంటల యాభై నిమిషాలకు అమ్మ అసరుకు నిలబడింది. నియ్యతు చేస్తన్నాను అని మొదలుపెట్టి కాలవగట్టు దాకా వచ్చింది. నేను వెళ్ళి జానిమాజు పక్కన నిలబడి, ఆగమన్నాను. అలా పైకి అనకూడదని, బిదాత్ అని చెప్పాను.

"అంటే?"

"ప్రవక్త గారు చెప్పనిది మనం కొత్తగా కలపడం."

"కొత్తదేందే? మీ నాయనమ్మ అనేది. ఆవిడ అత్తగారూ అనేదంట."

"అయినా కొత్తదే అమ్మా."

"వందేళ్ళ దాన్ని పట్టుకుని కొత్తదంటావు, లెక్కల పంతులమ్మవి!"

నాకు ఉక్రోషం వచ్చింది. కాలవగట్టు ఊళ్ళో ఉందని, ఇక్కడ ఆ దిక్కున ఉన్నది బెంజ్ సర్కిల్ అని అన్నాను. అమ్మ కిటికీలోంచి అటు చూసి, "అయితే ముఖం నాది బెంజి సర్కిలు దిక్కు అనమంటావా?" అంది. వంటింట్లోంచి మా ఆయన నవ్వు వినిపించింది. నేను నవ్వలేదు. ఆ నవ్వుకు నా గొంతు ఇంకా గట్టిపడింది. మనసులో అనుకో చాలు, అన్నాను.

అప్పుడు అమ్మ అల్లరి మానింది. "మనసులో నాకు మాటలు రావే. నోటికొస్తేనే నా మనసులో ఏముందో నాకు తెలిసేది" అంది. మళ్ళీ తనే, బేరం అడిగినట్టు, ఎంత మెల్లిగా అంటే తప్పు కాదని అడిగింది. వినపడకూడదన్నాను.

"ఎవరికి?"

"ఎవరికీ."

"నీక్కూడానా?"

నాక్కూడా అన్నాను.

అమ్మ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. ఆ చూపులో కోపం లేదు. నేను చిన్నప్పుడు తప్పు లెక్క చేసి అదే ఒప్పని వాదిస్తే చూసే చూపు లాంటిది. పెదవులు మూసుకుని, చేతులెత్తి, నమాజులోకి వెళ్ళిపోయింది. ఆ పూట నేను గెలిచాను. తరవాతి ఆదివారం క్లాసులో ఆ సంగతి చెబితే అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఆవిడ మళ్ళీ ఎన్నడూ పైకి అనలేదు. నా మాట మీద అంత గురి ఉంది ఆవిడకు, చదివించింది గదా. మొదటి నెలలో నాకు తేడా తెలియలేదు. రెండో నెలలో ఊరి నుంచి మా అక్క వచ్చి రెండు రోజులుండి, వెళ్ళేటప్పుడు చెప్పులు తొడుక్కుంటూ, అమ్మ ఏమన్నా అలిగిందా, ఇల్లంతా గమ్మునుంది అని అడిగింది. అలకేమీ లేదు, వయసు అన్నాను. ఏడుంబావు బస్సులో నాకు సీటు దొరికిన రోజుల్లో మాత్రం, ఇవాళ అడిగిందా లేక ఊరికే దొరికిందా అని ఒక ఆలోచన వచ్చిపోయేది. నవ్వుకుని పుస్తకం తెరుచుకునేదాన్ని.

ఐదేళ్ళు దాటాక ఒక బుధవారం పొద్దున అమ్మ పళ్ళెంలో ఇడ్లీ అలాగే వదిలేసింది. చెయ్యి పట్టుకుంటే మణికట్టు నా వేళ్ళ మధ్య వదులుగా తిరిగింది. ఆసుపత్రికి తీసుకెళితే పేగుల్లో గడ్డ ఉందన్నారు. ఎప్పటి నుంచి నొప్పి అని డాక్టరు గారు అడిగితే, అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి, పోయిన పెద్ద ఒక్కపొద్దుల ముందు నుంచి అంది. అంటే నిరుటి రంజానుకు ముందు నుంచి, ఏడాది పైగా. డాక్టరు గారు కాగితాలు చూస్తూ, అప్పుడే వచ్చి ఉంటే అని ఒక మాట మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశారు.

బయట వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అని గట్టిగానే అడిగాను. ఆవిడ నా ప్రశ్న అర్థం కానట్టు చూసింది. ఏ మాత్రం ఎత్తిపొడుపు లేకుండా, నాకు తెలియని సంగతి ఏదో వివరిస్తున్నట్టు అంది. "చెప్పేచోట చెప్తానే ఉన్నా గదే, పూటపూటా. పైకి అనొద్దన్నావుగా."

అమ్మ ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు ఉంది. నాలుగో రోజు, శనివారం, జొహర్ వేళ దాటుతుండగా, నీళ్ళలో తడిపిన గుడ్డతో ఆవిడ మొహమూ చేతులూ తుడిచి, పైకి అను అమ్మా, నేను వింటాను అన్నాను. ఆవిడ కళ్ళు తెరిచి, "ఇప్పుడు బిదాత్ కాదా?" అంది. ఆ అడగడంలో కొంచెం అల్లరి ఉంది, బెంజి సర్కిలు అన్నప్పటి లాంటిది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నియ్యతు చేస్తన్నాను అని మొదలుపెట్టింది. నాలుగు రకాతుల జొహర్ ఫరజు అంది. అల్లా కోసం అంది. ముఖం నాది అని ఆగిపోయింది. మంచం ఎటు వేసి ఉందో ఆవిడకు తెలియలేదు. నా వైపు తిరిగి, "ఏ దిక్కే?" అని అడిగింది.

"కాలవగట్టు దిక్కు" అన్నాను.

తల ఊపింది. "కాలవగట్టు దిక్కు, కాబా దిక్కు" అంది. ఆ తరవాత తోక రావాలి. నేను వంగి చెవి ఆవిడ నోటికి ఆనించాను. పెదవులు కదిలాయి. చాలాసేపే కదిలాయి. ఊపిరి తగులుతోంది, మాట లేదు. గట్టిగా అనమ్మా, గట్టిగా అను అని బతిమాలాను. ఆవిడ తన పనిలో తాను ఉంది. ఎవరికీ వినపడకుండా చెప్పుకోవడం ఆవిడకు బాగా అలవాటైపోయింది. నేను చెప్పిన పాఠాల్లో అంత చక్కగా ఒంటబట్టిన పాఠం ఇంకొకటి లేదు.

అమ్మ పోయిన నలభై రోజుల తరవాత, పాత మసీదులో నమాజు చదివించే హజరతు గారి దగ్గరికి మా ఆయనను వెంటబెట్టుకుని వెళ్ళి ఈ సంగతి అడిగాను. ఆయన వయసులో నా కంటే పెద్దవారు. నియ్యతు చోటు మనసే, అందులో ఎవరికీ రెండో మాట లేదమ్మా అన్నారు. మనసు నిలకడ కోసం నోటితో అనుకుంటే మంచిదేనని చెప్పిన పెద్దలూ ఉన్నారు, వద్దన్న పెద్దలూ ఉన్నారు, ఇద్దరూ మనవాళ్ళే అన్నారు. ఒక పుస్తకం తీసి చూపించారు కూడా. అది నేను చూడని నాలుగో పుస్తకం. ఇందులో మీరైతే ఏం చేసేవారండీ అని అడిగితే, అమ్మ చదవడం అయ్యేదాకా ఆగి, పక్కన కూర్చునేవాణ్ణమ్మా అన్నారు.

ఇప్పటికీ ఆ క్లాసు ఆవిడ చెప్పింది తప్పని నేను అనను. ఆవిడ పుస్తకంలో ఉన్నది చెప్పారు, ఆవిడ నియ్యతు మంచిదే. నా నియ్యతు ఏమిటన్నదే నాకు ఈ వయసులో తెలియవలసిన లెక్క. అమ్మ నమాజు సరిచేయడానికి ఆ రోజు జానిమాజు పక్కన నిలబడ్డానా, హాల్లోకి వచ్చేవాళ్ళ ముందు కాలవగట్టు వినపడకుండా చేయడానికి నిలబడ్డానా? పైకి ఎవరూ అడగలేదు, నేనూ పైకి అనలేదు. నోటికి వచ్చి ఉంటే, అమ్మ చెప్పినట్టు, అది ఏమిటో నాకు అప్పుడే తెలిసేదేమో.

మొన్న సోమవారం మనవరాలు జ్వరంలోనే లేచి వచ్చి, కాలవగట్టు దిక్కు అంటే ఏంటి నానమ్మా అని అడిగింది. దాని ఫోనులో ఒక బాణం ఉంటుంది, ఏ ఊళ్ళో నిలబడ్డా కాబా వైపు సరిగ్గా తిరిగి ఆగుతుంది. డిగ్రీ తేడా కూడా రాదు. దాన్ని చూసి నాకు ముచ్చటేస్తుంది, లెక్కల మనిషిని గనక. మా ఊళ్ళో ఆ గట్టు ఇప్పుడు సిమెంటు రోడ్డు, ఏడిళ్ళల్లో విల్లు ఒక్కటి కూడా లేదు, పరుపులు దుకాణం నుంచి ప్లాస్టిక్ కవర్లో వస్తున్నాయి. అవి పోయినందుకు నాకంత బాధ లేదు. ఇళ్ళల్లో అందరమూ మనసులోనే అనుకుంటున్నాం ఇప్పుడు. మా ఆయన మసీదుకు వెళ్ళాక మా అబ్బాయి, కోడలు, ఈ పిల్ల, నేను, నలుగురమూ నాలుగు గదుల్లో ఎంతో పద్ధతిగా, నిశ్శబ్దంగా నమాజు చదువుకుంటాం. ఎవరికి ఎక్కడ నొప్పిగా ఉందో ఎవరికీ తెలియదు.

పిల్లకు సంగతంతా చెప్పాను. విని, మరి మీ అమ్మ చివర్లో నీ గురించి ఏం అడిగిందో అని అంది. తెలియదన్నాను. అది లోపలికి వెళ్ళి పడుకున్నాక డైరీ తీసి, చాలాకాలంగా వాయిదా వేస్తున్న లెక్క వేశాను.

నేను వద్దన్న ఆదివారం నుంచి అమ్మ పోయిన రోజు వరకు ఐదేళ్ళ ఏడు నెలల పదకొండు రోజులు. రోజుల్లో చెబితే రెండు వేల యాభై ఒకటి. అందులో ఆసుపత్రి రోజులు పంతొమ్మిది తీసేస్తే రెండు వేల ముప్పై రెండు. సున్నతులు వదిలేసి, పూటకు ఒక్క నియ్యతు చొప్పున వేస్తే పదివేల నూట అరవై. దానికి ఆసుపత్రిలో చెవి ఆనించినా వినపడనిది ఒకటి కలిపితే పదివేల నూట అరవై ఒకటి.

రెండుసార్లు వేసి చూశాను. తేడా లేదు.